సంబంధం లేదు

ఫిబ్రవరి 3

పాముచెవుల తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనడానికి నోరు రావడం లేదు, అది మూడు వాక్యాల ముక్క. "అక్కా, ఇకమీదట ఫోన్ చెయ్యకు, ఆఫీసులో రూలు. ఉత్తరాలు రాయి. అమ్మ ఉంటే సంతోషించేది." ఐదు నెలలుగా ఎన్నిసార్లు చేసినా ఎత్తనివాడివి, ఎందుకు ఎత్తలేదో ఇప్పటికి చెప్పావు. అదీ అమ్మని అడ్డం పెట్టుకుని. ఇరవై ఆరేళ్ళు ఎడమ భుజానికి పోస్టు సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరిగిన మనిషి పేరెత్తితే నేను నోరు మూసుకుంటానని నీకు బాగా తెలుసు. మూసుకున్నాను కూడా. ఇదిగో, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఇక్కడి సంగతులు చెబుతాను. పోయిన ఆగస్టులో ఒక కంపెనీ మా లైబ్రరీకి ఊరికే మిషన్లు ఇస్తానని వచ్చింది. పుస్తకం కావాలంటే దాని మీద వేలు పెట్టాలట. 'ఊరికే' అన్న మాట వింటే పిన్నికి ఎంత చిరాకో నీకు తెలుసుగా. "ఊరికే వచ్చేది వానొక్కటేనే, దానికీ గొడుగు కావాలి" అంది. అన్నట్టే అయింది. మిషన్ల వెనకాలే పైనుంచి కాగితం దిగింది. మూడేళ్ళుగా ఎవరెవరు ఏయే పుస్తకం తీసుకెళ్ళారో రాసిన రిజిస్టర్లు కంపెనీకి అప్పగించాలట, భద్రతా శాఖ వాళ్ళు చూసుకుంటారట. మూడు రిజిస్టర్లు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా చేతిరాత. ఇవ్వనని రాసిచ్చాను. జడ్జి సంతకంతో ఉత్తర్వు తెస్తే అప్పుడు మాట్లాడదామన్నాను. వచ్చినాయన నవ్వాడు. "మీరు కంపెనీ మనిషా, ప్రభుత్వం మనిషా?" అని అడిగాను. "ఇప్పుడా తేడా ఏముంది లెండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, పాపం.

అప్పట్నుంచీ నెలకో నోటీసు వస్తోంది. నేను నెలకో జవాబు రాస్తున్నాను.

ఇంతకీ నీ పనేమిటో సరిగ్గా చెప్పవేం? టైపింగ్ అంటావు. టైపింగ్ చేసేవాళ్ళు అక్కతో ఫోన్లో మాట్లాడకూడదని ఏ రూలురా? ఫోనెత్తితే నువ్వు అందరిలా హలో అనవు, "చెప్పు" అంటావు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. నాకు నీ గొంతు వినాలని ఉంది. ఇంతకంటే చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

నీ అక్క

ఫిబ్రవరి 12

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అరిచినట్టే వినిపించింది, బాగుంది.

నా పని అడిగావు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నదాన్ని టైపు చెయ్యడం. మీటింగులు, ఉపన్యాసాలు, అలాంటివి. చాలావరకు మిషనే టైపు చేస్తుంది. అది తడబడినచోట మనిషి చెవి కావాలి, అందుకే నన్ను పెట్టుకున్నారు. హాల్లో నలభై కుర్చీలు, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మధ్యలో అట్టగోడలు. కిటికీలున్నాయి గానీ తెరుచుకోవు. పక్క కుర్చీ ఆయన పేరు నాకు తెలియదు, బఠాణీలు నమిలే చప్పుడు మాత్రం తెలుసు. చేరిన రోజున ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, లోపలి సంగతులు బయట చెప్పకూడదని. అంతకంటే రాయడానికి లేదు.

రిజిస్టర్ల గురించి ఒక మాట. ఇచ్చెయ్యి అక్కా. ఏముంటుంది వాటిలో? ఎవరు ఏ నవల చదివారో, ఎవరు ఏది ఆలస్యంగా తెచ్చారో, అంతేగా. వాళ్ళతో పంతానికి పోకు. వాళ్ళెంత దూరం వెళ్ళగలరో నీకు తెలియదు.

దగ్గు తగ్గిందా? మందు సగంలో మానెయ్యకు. వేడినీళ్ళు తాగు.

తమ్ముడు

ఫిబ్రవరి 25

ఒరేయ్,

"ఏముంటుంది వాటిలో" అని అడిగావుగా, విను. లాండ్రీ నడిపే ఆవిడ విడాకుల చట్టం పుస్తకం మూడుసార్లు తీసుకెళ్ళింది. ప్రతిసారీ న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని మరీ పట్టుకెళుతుంది. రిటైరైన లెక్కల మాస్టారు చేతులు వణికే జబ్బు గురించి పుస్తకం తీసుకున్నాడు. "మా ఆవిడకి చెప్పకండి" అన్నాడు. రెండు వారాల తర్వాత వాళ్ళావిడ వచ్చి అదే పుస్తకం అడిగింది. "ఆయనకి చెప్పకండి" అంది. ఒకే పేజీలో ఆరు గీతల తేడాలో ఇద్దరూ ఉన్నారు. ఒకరికి తెలుసని ఒకరికి తెలియదు, ఇద్దరికీ తెలుసని నాకు తెలుసు. నేను ఆ పేజీ తీసుకెళ్ళి ఎవరి బల్ల మీద పెట్టమంటావు?

అమ్మ పోస్టుకార్డుని కూడా బోర్లా పట్టుకునేది, గుర్తుందా? "అడ్రసు నాకు, మిగతాది వాళ్ళకి" అనేది. ఆమె కొడుకువి నువ్వు రాసే మాటా ఇది?

రిజిస్టర్లు లైబ్రరీలో లేవులే. ఎక్కడున్నాయో నీకు చెప్పను. ఇచ్చెయ్యమనేవాడికి చెప్పడమెందుకు.

ఇంకొకటి. నాకు దగ్గు వచ్చిందని నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఫోన్లో పిన్నికి తప్ప. అంటే నువ్వు పిన్నితో మాట్లాడుతున్నావన్నమాట. వెళ్ళి నిలదీశాను. టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులతో, "మా అమ్మ మీద ఒట్టే, వాడి గొంతు విని నాకూ ఆర్నెల్లయింది" అంది. చచ్చిపోయిన అమ్మ మీద ఒట్లు పిన్నికి మంచినీళ్ళ ప్రాయం. పిన్నికైతే ఎత్తుతావు, నాకైతే రూలు అడ్డం వస్తుందా? చెప్పు, నేనేం తప్పు చేశాను?

అక్క

మార్చి 8

అక్కా,

పిన్నిని ఏమీ అనకు. నేను పిన్నితో మాట్లాడలేదు, అది నిజం. దగ్గు సంగతి నీ చేతిరాత చూసి ఊహించాను. అక్షరాలు ఒరిగి ఉన్నాయి.

ఈ మధ్య చిన్నతనం తెగ గుర్తొస్తోంది. ఊళ్ళో పిల్లలందరూ అక్షరానికి ముందు 'క' పెట్టి మాట్లాడుకుంటుంటే, "అది అందరికీ తెలిసిపోయింది, మనకి వేరేది కావాలి" అని పిన్ని కుట్టుమిషన్ చప్పుడు తీసుకొచ్చి 'టక' పెట్టింది. దిండు అనాలంటే టకదిం టకడు. నేను కొలతల పుస్తకం రాస్తూ కూర్చునేవాణ్ణి, పిన్ని మిషన్ తొక్కుతూ టకటక భాషలో కొలతలు చెప్పేది, వచ్చినావిడ నోరు తెరుచుకుని చూసేది. ప్రపంచం మొత్తంలో ఆ భాష వచ్చింది ముగ్గురికే.

అక్కా, ఒక్కటి అడుగుతాను, ఎందుకని అడక్కు. పిన్నీ నువ్వూ ఫోన్లో ఆ భాష మాట్లాడుకోవద్దు. పెద్దవాళ్ళయ్యారు, ఎవరైనా వింటే బాగుండదు. మామూలుగా మాట్లాడుకోండి. వాతావరణం గురించి మాట్లాడుకోండి.

తమ్ముడు

మార్చి 19

గౌరవనీయులైన తమ్ముడు గారికి,

తమరి ఆజ్ఞ చేరింది. ఎవరైనా వింటే బాగుండదని సెలవిచ్చారు. ఎవరు వింటారండీ, తమరి ఆఫీసువాళ్ళా? అక్క లైబ్రరీలో దుమ్ము దులుపుతుందనీ, పిన్ని జాకెట్లు కుడుతుందనీ తెలిస్తే తమరి కుర్చీ కింద నేల కుంగిపోతుందా?

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. మిషన్ ఆపి దారం తెంపింది. తర్వాత, "పోనీలే, పెద్దవాడయ్యాడు" అంది. తిట్టి ఉంటే బాగుండేదిరా.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, పిన్నీ నేనూ రోజూ సాయంత్రం నాలుగింటికి, లైబ్రరీ ఫోన్లోంచి, కావాలనే టకటక భాషలో మాట్లాడుకుంటున్నాము. ముందు రెండు మాటలు మాట్లాడేవాళ్ళం, ఇప్పుడు ఇరవై మాట్లాడుతున్నాము. ఇష్టం లేనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

మాకూ నీకూ ఇక సంబంధం లేదనుకున్నావా? ఉంటే ఒక్కసారి ఫోను చెయ్యి.

ఇట్లు,
లైబ్రేరియన్

ఏప్రిల్ 2

తమ్ముడూ,

కోపం పక్కన పెట్టి రాస్తున్నాను. నిన్న పిన్ని కొట్టు సోదా చేశారు.

పొద్దున పదింటికి ఐదుగురు వచ్చారట. ఇద్దరు యూనిఫాంలో, ముగ్గురు కంపెనీ చొక్కాల్లో. నేను కబురు తెలిసి పరుగెత్తుకెళ్ళేసరికి హాంగర్లకున్న జాకెట్లన్నీ నేల మీదున్నాయి. ఒకడు లైనింగులు బ్లేడుతో విప్పుతున్నాడు. పిన్ని వాడి పక్కన నిలబడి, "అటు కాదు నాయనా, కుట్టు ఇటునుంచి ఊడుతుంది. చింపితే మళ్ళీ నువ్వే కూర్చుని కుట్టాలి" అని పాఠం చెబుతోంది. మెడలో టేపు మాత్రం వేలికి చుట్టుకుంటూనే ఉంది. నేను చూశాను.

"ఏం వెతుకుతున్నారు?" అని అడిగాను. వాళ్ళ పెద్ద, అలిసిపోయాడేమో, గుడ్డపీలికలు కూరిన పెద్ద దిండు ఉంది చూడు మంచం మీద, దానికి చేరగిలబడి టీ తాగుతున్నాడు. ఆ దిండు గురించి నీకు ఇంకెప్పుడైనా చెబుతాను. విశ్వసనీయ సమాచారం అన్నాడు. జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఛాతీ ముప్పై నాలుగు. నడుము ఇరవై ఎనిమిది. భుజం పదమూడున్నర. చెయ్యి తొమ్మిది. ఎడమ భుజం అరంగుళం జారుడు. ఏమిటివి? ఇరవై ఎనిమిది ఇంటి నెంబరా? పదమూడున్నర అంటే ఒంటిగంటన్నరా?"

"జాకెట్టు కొలతలండీ" అంది పిన్ని.

"జాకెట్టు కొలతలు ఎవరైనా రహస్య భాషలో చెప్పుకుంటారా?" అన్నాడాయన.

పిన్ని నా మొహం చూసింది, నేను పిన్ని మొహం చూశాను. ఆ కొలతలు మేం ఎప్పుడూ చెప్పుకోలేదు. కొలతల పుస్తకం, పిన్ని ఫోను, ఆఖరికి సుద్దముక్కల డబ్బా కూడా పట్టుకెళ్ళారు. పిన్నిని ఆఫీసుకి తీసుకెళ్ళి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. మే తొమ్మిదిన నన్ను విచారణకి రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. దాని గురించి కాదు నా బాధ. వాళ్ళు లైబ్రరీ ఫోను వింటున్నారు. అది వింటున్నారు సరే, మేం అనని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ఏప్రిల్ 3

నిన్న ఉత్తరం మడిచి పెట్టేశాను. ఇవాళ పొద్దున పిన్ని వచ్చింది. టీ తాగలేదు. "అవి ఎవరి కొలతలో తెలిసిందా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. "ఎడమ భుజం అరంగుళం జారుడు. నా కొట్లో అలా కుట్టింది ఒక్క మనిషికే. పోస్టు సంచి మోసి మోసి జారిన భుజం" అంది.

అవి అమ్మ కొలతలు. అవి రాసిన పాత పుస్తకం ఎప్పుడో పదిహేనేళ్ళ కింద చిరిగిపోయింది. ఆ పేజీ రాసింది నువ్వు.

నా దగ్గు. టకటక భాష వద్దన్నావు. వాతావరణం గురించి మాట్లాడుకోమన్నావు.

వినేది నువ్వా?

ఏప్రిల్ 10

అక్కా,

నేనే.

మీటింగులు కాదు, మనుషుల ఫోన్లు. ప్రభుత్వం జాబితా ఇస్తుంది, కంపెనీ వింటుంది. జడ్జి సంతకం నేను ఒక్కదాని మీదా చూడలేదు. మాకు పేర్లు కనిపించవు, నెంబర్లే. పోయిన సెప్టెంబరులో ఒకరోజు నాలుగింటికి రెండు వందల పన్నెండు అని కొత్త ఫైలు వచ్చింది. వినగానే నీ గొంతు. "పిన్నీ, తిన్నావా?" అన్నావు. నేను లేచి నిలబడ్డాను. సూపర్‌వైజరు ఏమైందని అడిగితే కాలు తిమ్మిరెక్కిందన్నాను.

ఆ రోజు నుంచే నీ ఫోను ఎత్తడం మానేశాను. మా ఫోన్లు కూడా వింటారు. నువ్వు నా అక్కవని తెలిస్తే ఆ ఫైలు ఇంకొకరికి ఇస్తారు. బఠాణీలాయనకి ఇస్తారు. అది నా దగ్గరే ఉంటే నిన్ను కాపాడవచ్చనుకున్నాను. ఉత్తరాలు ఎందుకు రాయమన్నానంటే, కవర్లు విప్పి చూసేవాళ్ళని ఎప్పుడో రిటైరు చేయించారు. ఇప్పుడు ఉత్తరం చదివేది అందుకున్నవాడొక్కడే.

ప్రతి ఫైలు కింద ఒక గడి ఉంటుంది, విన్నవారి అభిప్రాయం అని. పనికిరాని సంభాషణ అయితే 'సంబంధం లేదు' అని రాయాలి. నీ గొంతు విని, నీ దగ్గు విని, నువ్వు పిన్నితో "వాడి గొంతు ఎలా ఉంటుందో మర్చిపోతానేమో పిన్నీ" అనడం విని, ఆ గడిలో 'సంబంధం లేదు' అని రాశాను. నూట నలభై రోజులు రాశాను. నువ్వు ఉత్తరంలో అదే మాట రాసినప్పుడు కాగితం కింద పెట్టేశాను.

రిజిస్టర్లు పీలికల దిండులో పెట్టామని మీరు టకటక భాషలో చెప్పుకున్న రోజున మిషన్ ఎర్రగీత పెట్టింది, తెలియని భాష అని. అలాంటప్పుడు సంబంధం లేదని రాయడం కుదరదు, మాటమాటా టైపు చెయ్యాలి. సూపర్‌వైజరు నా వెనకాల నిలబడ్డాడు. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది, కాబట్టి దర్జీ కొలతలన్నాను. ఏం కొలతలన్నాడు. నాకు జీవితంలో కంఠతా వచ్చిన కొలతలు ఒక్కరివే. వేళ్ళు వాటంతటవే టైపు చేశాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నాది అతకలేదు. దానివల్ల పిన్ని బెంచీ మీద కూర్చుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. డిసెంబరులో ఒక బస్సు డ్రైవరు ఫైలు వచ్చింది. రేపు సభలో మాట్లాడుతున్నాను, భయపడకు అని భార్యకి చెప్పాడు. ఆవిడ ఏమీ అనలేదు. నేను అంతా టైపు చేసి, 'నాలుగు సెకన్లు మౌనం' అని కూడా రాశాను. శ్రద్ధగా చేశావని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. నాలుగు రోజులకి ఆ నెంబరు జాబితాలోంచి పోయింది. ఎందుకు పోయిందని నేను అడగలేదు. నీ కోసం అబద్ధం ఆడాను గానీ అక్కా, వాళ్ళందరి విషయంలో ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాను.

నీ ముందు తలెత్తుకోలేను. కానీ నీ గొంతు లేకుండా కూడా ఉండలేకపోయాను. రోజూ నాలుగెప్పుడవుతుందా అని గడియారం చూసేవాణ్ణి.

తమ్ముడు

ఏప్రిల్ 17

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు కాగితం ముట్టుకోలేదు. నిన్ను చెంప మీద కొట్టాలనిపించింది, వెంటనే దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండింటికీ నువ్విక్కడ లేవు.

నన్ను కాపాడాననుకున్నావు. నా నోట్లోంచి నా మాటలు తీసేసి అమ్మ జాకెట్టు కుక్కావు. నన్నడిగితే, టైపు చెయ్యడం మానేసి బయటికొచ్చెయ్యమనేదాన్ని. కానీ నన్నెలా అడుగుతావు, ఫోను ఎత్తకూడదాయె. ఏడు నెలలు నువ్వు నా చెవి పక్కనే ఉన్నావు, నేనేమో గోడలకి నీ గురించి చెప్పుకుంటూ ఉన్నాను. ఆ ఫోనులో ఒక్కసారి నువ్వు గొంతు సవరించుకున్నా నాకు తెలిసేదిరా.

ఆ డ్రైవరు భార్య కూడా ఎవరికో అక్కే. నీ తప్పు నువ్వే రాసుకున్నావు, కాబట్టి నేను మళ్ళీ రాయను.

ఇక్కడ సంగతి ఇదీ. లైబ్రరీలో రోజూ పేపరు చదవడానికి వచ్చే ప్లీడరుగారు పాఠకులందరి తరఫునా కేసు వేశారు. విచారణ మే తొమ్మిదినే, నన్ను రమ్మన్న రోజే. ఉత్తర్వు లేకుండా ఫోన్లు వింటున్నారన్నది ఆయన వాదన. మేమెవరి ఫోనూ వినలేదంటున్నారు వాళ్ళు. విన్నామని చెప్పిన మనిషి ఈ దేశంలో ఇంతవరకు ఒక్కడూ కోర్టు మెట్లెక్కలేదట. నేను ప్లీడరుగారికి నీ గురించి చెప్పలేదు. నిన్ను రమ్మని అడగను కూడా. అడిగితే అక్క అడిగిందని వస్తావు. అలా వచ్చేది నాకక్కర్లేదు.

పిన్ని నీకో మాట చెప్పమంది. "వెధవకి కొలతలు బాగానే గుర్తున్నాయి గానీ, చెయ్యి తొమ్మిది కాదు, తొమ్మిదింబావు." చెబుతూ చెబుతూ కొంగుతో మొహం తుడుచుకుంది.

పిన్ని ఫోను ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, కాబట్టి నాలుగింటికి మాట్లాడేందుకు నాకెవరూ లేరు. అందుకని వచ్చే సోమవారం నాలుగింటికి టైము చెప్పే నెంబరుకి చేస్తాను. అందులో రికార్డు గొంతు ఆవిడ ఎవరేమన్నా పట్టించుకోకుండా నిమిషాలు చెప్పుకుంటూ పోతుంది. ఆవిడ మాటల సందుల్లో నేను మాట్లాడతాను. నువ్వు వింటున్నావని తెలిసి మాట్లాడటం ఇదే మొదటిసారి. ఏం టైపు చేసుకుంటావో నీ ఇష్టం.

అక్క

ఏప్రిల్ 27

అక్కకి,

ఈ ఉత్తరం పార్కులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఎండగా ఉంది. పనిరోజు ఈ వేళప్పుడు ఎండ ఎలా ఉంటుందో మర్చిపోయాను.

సోమవారం విన్నాను. "నాలుగు గంటల ఒక నిమిషం" అంది ఆవిడ. "ఆఁ, తెలుసులేవమ్మా" అన్నావు నువ్వు. నవ్వొచ్చింది. చదివే గదిలో కప్పు కారుతోందని చెప్పావు, బకెట్టు పెట్టానని చెప్పావు. లెక్కల మాస్టారూ వాళ్ళావిడా మొదటిసారి కలిసి వచ్చి, ఆ పుస్తకాన్ని ఒకే కార్డు మీద తీసుకెళ్ళారని చెప్పావు. ఆ మాట దగ్గర నీ గొంతు ఆగిపోయింది, ఆవిడ నాలుగు గంటల ఏడు నిమిషాలంది. చివర్లో చాలాసేపు ఊరుకుని, మెల్లిగా, "టకఇం టకటి టకకి టకరా" అన్నావు. అడగనని రాసి అడిగేశావు. టకటక భాషలో అడిగితే అడిగినట్టు కాదనుకున్నావేమో.

మిషన్ ఎర్రగీత పెట్టింది. సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు. ఈసారి అంతా టైపు చేశాను, మౌనాలతో సహా. ఆఖరి మాట దగ్గర 'ఇంటికి రా' అని రాశాను. "ఇదేం భాష? నీకెలా వచ్చు?" అన్నాడు. కింద గడిలో రాసి చూపించాను. 'సంబంధం ఉంది. ఈమె నా అక్క.'

అతను ఆ గడి రెండుసార్లు చదివాడు. తర్వాత నా మెళ్ళో కార్డు తీసుకున్నాడు. నేను నడుచుకుంటూ బయటికొస్తుంటే అట్టగోడల మధ్యనుంచి బఠాణీల చప్పుడు ఆగిపోయింది. 

గుర్తున్న నెంబర్లన్నీ, తారీకులన్నీ ఒక నోటుబుక్కులో రాశాను. చెవి ఎంత మంచిదో మనసు అంతకంటే మొండిది, ఏదీ మర్చిపోనివ్వలేదు. ప్లీడరుగారికి నా సంగతి చెప్పు. తొమ్మిదో తేదీకి ముందే వస్తాను. సంతకం పెట్టిన కాగితం ఉంది కాబట్టి జైలు కూడా పడవచ్చు. భయంగానే ఉంది. కోర్టులో మొదట నీ సంగతి చెప్పను, అది చెప్పడం నాకు తేలిక. మొదట ఆ డ్రైవరు సంగతి చెబుతాను, నాలుగు సెకన్ల సంగతి చెబుతాను. ఆ తర్వాత వాళ్ళావిడ ఎక్కడున్నారో వెతుకుదాం. నువ్వు పక్కనుండు.

పిన్నికి చెప్పు, తొమ్మిదింబావే. దిద్దుకున్నాను.

బండి ఎక్కేముందు ఒకసారి నీతో మాట్లాడాలి. కొత్త నెంబరు ఈ ఉత్తరం వెనకాల రాశాను. శుక్రవారం నాలుగింటికి లైబ్రరీ ఫోన్లోంచి చెయ్యి. దాచుకునే పని లేదు, మామూలుగా మాట్లాడు. మధ్యలో చిన్న టక్కుమనే చప్పుడు వస్తే కంగారుపడకు, నా కుర్చీలోకి వచ్చిన కొత్త మనిషి. కొంచెం నెమ్మదిగా మాట్లాడు, టైపు చేసుకోవాలి కదా. వాళ్ళకీ ఎక్కడో ఒక అక్క ఉండే ఉంటుంది.

ఒక్కసారి మోగగానే ఎత్తుతాను. ఎత్తగానే ఏమంటానో నీకు తెలుసు.

నీ తమ్ముడు